శ్రమకు తగ్గ ప్రతిఫలం దక్కని ఉద్యోగంలో ఒత్తిడి: పద్దు రాయడం నుంచి తేల్చుకోవడం దాకా

"ప్రాణం పెట్టి పనిచేస్తున్నాను. హైక్ లేదు, మంచి మాట లేదు, ఇంటికొచ్చాక నిద్ర కూడా లేదు. ఏం చేయమంటారు?" అనే ప్రశ్న పాఠకుల నుంచి పదే పదే వస్తోంది. అడిగేవారిలో గచ్చిబౌలి కంపెనీల్లోని సాఫ్ట్‌వేర్ టెస్టర్లు ఉన్నారు, విజయవాడ ప్రైవేటు కాలేజీల్లోని లెక్చరర్లు ఉన్నారు, కార్పొరేట్ ఆసుపత్రుల్లో డబుల్ డ్యూటీలు చేసే స్టాఫ్ నర్సులు ఉన్నారు. ఓపిక పట్టమనో, ధ్యానం చేయమనో చెప్పి పంపడం వల్ల వీరికి ఒరిగేదేమీ లేదు. ముందు ఏం చేయాలి, తర్వాత ఏం చేయాలి అన్న వరుస తెలిస్తే ఈ పరిస్థితిని చాలావరకు చక్కదిద్దుకోవచ్చు. చక్కబడకపోతే నష్టం లేకుండా బయటపడవచ్చు.

వరుస మార్చకండి. ముందు ఆరోగ్యం, తర్వాత పద్దు (చేసిన పనికీ, దక్కినదానికీ రోజూ రాసుకునే లెక్క), ఆ తర్వాత అడగడం, చివరన గడువు. చాలామంది అడగడంతో మొదలుపెడతారు కాబట్టే మొదటి ఎదురు ప్రశ్నకే మాట తడబడుతుంది.

1. మీ ఒత్తిడి ఏ రకానిదో తేల్చుకోండి

పని ఎక్కువైనా జీతం, గౌరవం సరిగ్గా అందుతున్నప్పుడు వచ్చేది అలసట. నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్లొస్తే అది తగ్గుతుంది. దక్కవలసింది దక్కనప్పుడు వచ్చే ఒత్తిడి సెలవులో కూడా వెంటే ఉంటుంది, పండక్కి ఇంటికి వెళ్లినా మనసు మేనేజర్ అన్న మాట దగ్గరే తిరుగుతుంది. ఈ మార్గదర్శి ఈ రెండో రకం ఒత్తిడి గురించి.

జర్మనీలో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో దీనికి ఒక స్పష్టమైన నమూనా ఇచ్చారు. ఉద్యోగం ఒక ఇచ్చిపుచ్చుకోలు అని, ఉద్యోగి ఇచ్చేది శ్రమ అయితే పుచ్చుకోవలసినవి డబ్బు, గౌరవం, ఎదుగుదలతో కూడిన ఉద్యోగ భద్రత అని ఆయన చెప్పారు. ఇచ్చేది ఎక్కువై, పుచ్చుకునేది తక్కువై, ఆ పరిస్థితి ఏళ్ల తరబడి సాగితే గుండె జబ్బులు, కుంగుబాటు వచ్చే ముప్పు పెరుగుతుందని తర్వాత జరిగిన అనేక అధ్యయనాలు చూపాయి. లండన్‌లోని ప్రభుత్వోద్యోగులపై జరిగిన రెండో వైట్‌హాల్ అధ్యయనం వాటిలో ఒకటి.

ఇంత నష్టం కలిగించే ఏర్పాటులో మనిషి ఎందుకు కొనసాగుతాడు? ఆ నమూనాయే మూడు కారణాలు చెబుతుంది: వేరే ఉద్యోగం దొరికే దారి లేకపోవడం, ముందు ముందు ఫలితం దక్కుతుందన్న ఆశ, పని నుంచి మనసును విడదీసుకోలేని స్వభావం. వీటిలో మీది ఏదో ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి. ఎనిమిదో అంచెకు వచ్చేసరికి అది అవసరమవుతుంది.

2. శరీరం సంగతి ముందు చూడండి

వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, పక్షవాతం వచ్చే ముప్పు సుమారు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు సుమారు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. రోజుకు పదిన్నర గంటల చొప్పున ఐదు రోజులు, శనివారం ఇంకో మూడు గంటలు పనిచేస్తే ఈ లెక్కలోకి వచ్చినట్టే.

కింది వాటిలో ఒక్కటి ఉన్నా మిగతా అంచెలను పక్కన పెట్టి ముందు వైద్యుడిని కలవండి.

- ఛాతీలో నొప్పి, ఎడమ చేతికి పాకే బరువు, మాట తడబాటు. ఇవి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడవలసినవి కావు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.
- రెండు వారాలకు మించి నిద్ర సరిగా పట్టకపోవడం, లేదా తెల్లవారుజామునే మెలకువ వచ్చి ఆఫీసు ఆలోచనలు ముసురుకోవడం.
- నిద్ర కోసం మద్యానికో మాత్రలకో అలవాటు పడటం.
- బతకాలనిపించకపోవడం. ఈ ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ. 24 గంటలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

బర్నౌట్ (తగ్గని పని ఒత్తిడితో మనిషి పూర్తిగా డస్సిపోవడం) అన్న మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని జబ్బుగా కాకుండా, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా వర్గీకరించింది. పని జరిగే తీరు మారకుండా మనిషికి మాత్రమే చికిత్స చేస్తే సరిపోదన్న అర్థం ఆ వర్గీకరణలోనే ఉంది. ఆఫీసులో శుక్రవారం యోగా క్లాసు పెట్టి శనివారం సాఫ్ట్‌వేర్ రిలీజ్ పనికి పిలిచే కంపెనీలు ఈ సంగతి గమనిస్తే బాగుండును.

3. నాలుగు వారాల పద్దు రాయండి

మొత్తం ప్రక్రియకు ఆధారం ఇదే, కాబట్టి ఇక్కడ తొందరపడకండి. ఒక నోటు పుస్తకంలో గాని, మీ సొంత ఫోనులో గాని రోజూ పడుకునే ముందు ఐదు నిమిషాలు రాయండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాయవద్దు. క్లయింట్ వివరాలు, రోగుల పేర్లు, విద్యార్థుల మార్కులు, కంపెనీ పత్రాల నకళ్లు అందులో పెట్టవద్దు. అవి మీ దగ్గర దొరికితే తప్పు మీది అవుతుంది.

ప్రతి పనికీ ఆరు సంగతులు రాయాలి: తేదీ, ఏ పని, ఎంతసేపు, ఎవరు అడిగారు, దాని వల్ల ఏమైంది, ఆ పని చేసినట్టు ఎవరికి తెలుసు. గంటల లెక్క అందరూ రాస్తారు. అసలు విషయం బయటపెట్టేవి "ఎవరు అడిగారు", "ఎవరికి తెలుసు" అన్న రెండు గడులు.

ఒక టెస్టింగ్ లీడ్ పద్దు ఇలా ఉంటుంది.

"మంగళవారం. రాత్రి 9.40 నుంచి 11.30. పేమెంట్ మాడ్యూల్ రిలీజ్‌కు ముందు పాత టెస్ట్ కేసులన్నీ మరోసారి నడపడం. అడిగినవారు: ఎవరూ లేరు. ఫలితం: రెండు లోపాలు దొరికాయి, పొద్దున్నే సరిచేశారు. తెలిసినవారు: ఒక డెవలపర్."

"గురువారం. సాయంత్రం 6 నుంచి 8.15. కొత్తగా చేరిన ఇద్దరికి పని నేర్పడం. అడిగినవారు: మేనేజర్, కారిడార్‌లో నోటిమాటగా. ఫలితం: ఇద్దరూ సోమవారం నుంచి సొంతంగా టికెట్లు (సిస్టమ్‌లో నమోదైన పనులు) తీసుకుంటారు. తెలిసినవారు: ఆ ఇద్దరే. మేనేజర్‌కు గుర్తుంటుందో లేదో."

ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్ పద్దు ఇలా ఉంటుంది.

"ఆదివారం. ఉదయం 7 నుంచి 10 దాకా వారాంతపు పరీక్షకు ఇన్విజిలేషన్. 10.30 నుంచి 1.30 దాకా 64 పేపర్లు దిద్దడం. అడిగినవారు: ప్రిన్సిపాల్, వాట్సాప్ గ్రూపులో. ఫలితం: సోమవారానికి ర్యాంకుల జాబితా సిద్ధం. బదులు సెలవు: లేదు."

పుచ్చుకున్నవి కూడా అదే నిజాయితీతో రాయండి. అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు అడగగానే వారం రోజులు ఇంటి నుంచి పనిచేయనిచ్చారా? రాత్రి పూట క్యాబ్ ఇస్తున్నారా? క్లయింట్ కాల్‌లో మీ పేరు చెప్పారా? అన్నీ రాయాలి. కోపంలో ఉన్నప్పుడు ఇవి గుర్తుకు రావు. మీరు మరిచిపోయినా ఎదుటివారు మాత్రం మీటింగులో వీటినే ముందు పెడతారు.

నాలుగో వారం చివర ఒక పేజీలో సారాంశం తీయండి.

- వారానికి సగటున ఎన్ని గంటలు? ఆఫర్ లెటర్‌లో ఎన్ని?
- అదనపు గంటల్లో పైవారు అడిగినవి ఎన్ని, మీరే మీద వేసుకున్నవి ఎన్ని?
- పైవారికి తెలియని పనులు ఎన్ని?
- మీ హోదాకు పైబడిన పనులు ఏవి?

ఈ సారాంశం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. అదనపు గంటల్లో చెప్పుకోదగ్గ భాగం ఎవరూ అడగనిదీ, ఎవరికీ తెలియనిదీ అయి ఉంటుంది. అంతమాత్రాన తప్పు ఉద్యోగిదే అని అనలేం, ఎందుకంటే ఆ పని ఆగితే ఇబ్బంది పడేది సంస్థే. కాని కనిపించని పనికి ప్రతిఫలం అడగడం కష్టమన్నది మాత్రం నిజం.

4. ఇచ్చిందెంత, వచ్చిందెంత: లెక్క వేయండి

సీగ్రిస్ట్ నమూనాలోని చిన్న ప్రశ్నావళిలో శ్రమకు 3 ప్రశ్నలు, ప్రతిఫలానికి 7 ప్రశ్నలు ఉంటాయి. ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 4 దాకా మార్కులు. ఇంట్లో వేసుకోవడానికి వీలుగా ఆ పద్ధతినే కింద సొంత మాటల్లో ఇస్తున్నాను. ఇది వైద్య పరీక్ష కాదు, మీ పరిస్థితి మీకు అర్థం కావడానికి మాత్రమే.

శ్రమ మార్కులు. అసలు కాదు అనుకుంటే 1, పూర్తిగా అవును అనుకుంటే 4.

- సమయం చాలక పరుగు పెట్టవలసి వస్తోంది.
- పని మధ్యలో అంతరాయాలు ఎక్కువ.
- గత రెండు మూడేళ్లలో పని భారం పెరుగుతూ వచ్చింది.

ప్రతిఫలం మార్కులు. ఇక్కడా అదే పద్ధతి.

- పై అధికారి గౌరవంగా చూస్తున్నారు.
- నేను చేసే పనిని బట్టి చూస్తే దక్కుతున్న గౌరవం సరైనదే.
- పదోన్నతి వచ్చే అవకాశం ఉంది.
- నేను చేసే పనిని బట్టి చూస్తే నా ఎదుగుదల సరిగ్గానే ఉంది.
- నేను చేసే పనిని బట్టి చూస్తే జీతం సరైనదే.
- ఉద్యోగానికి ఇప్పట్లో ఢోకా లేదు.
- ఇష్టంలేని మార్పులేవీ మీద పడేలా లేవు.

శ్రమ మొత్తాన్ని ప్రతిఫలం మొత్తంతో భాగించి, వచ్చినదాన్ని 7తో గుణించి 3తో భాగించండి. ప్రశ్నల సంఖ్య సమానంగా లేదు కాబట్టి ఈ సవరణ అవసరం. శ్రమ 9, ప్రతిఫలం 21 అయితే ఫలితం సరిగ్గా 1, అంటే రెండూ సరితూగాయి. శ్రమ 11, ప్రతిఫలం 14 అయితే ఫలితం 1.83 వస్తుంది. ఒకటికి ఎంత పైన ఉంటే, ఇస్తున్నదానితో పోలిస్తే మీకు దక్కుతున్నది అంత తక్కువ.

ఇంకో మూడు ప్రశ్నలకు అవును, కాదు అని జవాబు రాసుకోండి. పొద్దున లేవగానే మొదటి ఆలోచన పని గురించేనా? ఇంటికి వచ్చాక కూడా పని మనసును వదలడం లేదా? ఈ రోజు చేయవలసింది రేపటికి వాయిదా వేస్తే నిద్ర పట్టదా? మూడింటికీ అవును అయితే, జీతం పెరిగినా మీ ఒత్తిడి పూర్తిగా తగ్గదు. అలాంటివారు ఏడో అంచెను రెండుసార్లు చదవాలి.

5. లోటు ఏదో పట్టుకుని, ఒకే ఒక్క కోరిక తయారు చేసుకోండి

ఏడు ప్రతిఫల ప్రశ్నల్లో మార్కులు ఎక్కడ తక్కువ వచ్చాయో చూడండి. మొదటి రెండింట్లో అయితే లోటు గౌరవంలో, తర్వాతి మూడింట్లో అయితే ఎదుగుదలలో, జీతంలో, చివరి రెండింట్లో అయితే భద్రతలో. గౌరవం దక్కక బాధపడుతూ జీతం పెంచమని అడిగేవారు, పెరిగాక కూడా అదే బాధతో మిగిలిపోతారు. ఏ లోటు ఉంటే దాన్నే అడగాలి.

- లోటు డబ్బులో ఉంటే: అంకె చెప్పాలి. "బాగా పెంచండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మీ అనుభవానికి, మీ నైపుణ్యానికి బయట ఎంత ఇస్తున్నారో ఇటీవల ఉద్యోగం మారిన ఇద్దరు ముగ్గురిని అడిగి తెలుసుకోండి. సీటీసీతో (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) సీటీసీని, చేతికొచ్చే జీతంతో చేతికొచ్చే జీతాన్ని పోల్చండి. వేరియబుల్ పే, అంటే పనితీరును బట్టి మారే భాగం, ఎంత శాతమో విడిగా చూడండి.
- లోటు గౌరవంలో ఉంటే: మీరు తయారు చేసిన రిపోర్టును క్లయింటు ముందు మీరే వివరించడం, మెయిల్‌లో మీ పేరు ఉండటం, అందరి ముందు మందలించకుండా విడిగా చెప్పడం. వీటికి బడ్జెట్ అక్కర్లేదు కాబట్టి లేదనడానికి సాకు దొరకదు.
- లోటు ఎదుగుదలలో ఉంటే: పై హోదాకు ఏమేం కావాలో లిఖితపూర్వకంగా ఇవ్వమని అడగండి. వాటిలో మీరు ఇప్పటికే చేస్తున్నవి పద్దులో గుర్తు పెట్టి చూపండి.
- లోటు భద్రతలో ఉంటే: కాంట్రాక్టు నుంచి పర్మనెంట్ చేసే తేదీ, ప్రతినెలా జీతం పడే తేదీ, వేసవి నెలల జీతం. ప్రైవేటు టీచర్లకు ఈ చివరిది ఎంత పెద్ద సమస్యో వేరే చెప్పనక్కర్లేదు.

అన్నీ ఒకేసారి అడిగితే ఎదుటివారు అందులో చవకైనది ఒకటి ఇచ్చి చేతులు దులుపుకుంటారు. అసలు కోరిక ఒకటి, అది కుదరకపోతే అడగవలసింది ఇంకొకటి. అంతకు మించి వద్దు.

6. అడగండి: సమయం, మాట, తర్వాతి మెయిల్

అడగందే అమ్మయినా పెట్టదన్నది నిజమే, కాని ఎప్పుడు అడిగామన్నది కూడా అంతే ముఖ్యం. ఏప్రిల్‌లో హైకులు ఇచ్చే కంపెనీలో లెటర్ చేతికొచ్చాక అడిగితే, బడ్జెట్ పంపకం అప్పటికే అయిపోయి ఉంటుంది. మేనేజర్లు తమ జట్టు పనితీరు రేటింగులను పైవారి ముందు పెట్టి సర్దుబాటు చేసుకునే సమావేశం అంతకు ముందే జరుగుతుంది. అందుకని డిసెంబరు, జనవరి నెలల్లో మాట్లాడాలి. ప్రైవేటు కాలేజీల్లో అయితే అడ్మిషన్ల హడావుడి మొదలై మీ మీద టార్గెట్లు పడక ముందే, ఫలానా సబ్జెక్టుకు మీరు తప్ప వేరే మనిషి లేరని మేనేజ్‌మెంట్‌కు గుర్తున్నప్పుడే కదపాలి. నర్సులకు స్థిరమైన కాలం ఉండదు, డ్యూటీ రోస్టర్ వేసే వారం ముందు నర్సింగ్ సూపరింటెండెంట్‌ను కలవడం మేలు.

మాట్లాడే ముందు సరిచూసుకోండి.

- ఒక పేజీ సారాంశం ముద్రించి ఉందా?
- అసలు కోరిక, రెండో కోరిక ఒక్కో వాక్యంలో చెప్పగలరా?
- పక్క సీటు మనిషి జీతం ప్రస్తావన ఎక్కడా రాకుండా చూసుకున్నారా?
- సమయం ముందే అడిగి తీసుకున్నారా? లిఫ్టు దగ్గర, టీ తాగుతూ అడిగే మాట కాదిది.

ఒక లెక్చరర్ తన ప్రిన్సిపాల్‌తో ఎలా మాట్లాడవచ్చో చూడండి.

"సార్, నా టైమ్‌టేబుల్‌లో వారానికి 24 పీరియడ్లు ఉన్నాయి. స్టడీ అవర్స్, ఆదివారం పరీక్షలు కలిపి ఇంకో 11 గంటలు అవుతోంది. నెల రోజుల లెక్క ఈ కాగితంలో ఉంది."

"అందరూ చేస్తున్నారు కదమ్మా. మీ ఒక్కరికే ఎలా ఇస్తాం?"

"అందరి సంగతి మీరూ మేనేజ్‌మెంటూ చూసుకుంటారు సార్. నేను నా డ్యూటీ గురించే అడుగుతున్నాను. ఆదివారం డ్యూటీకి విడిగా భత్యం ఇప్పించండి. అది కుదరకపోతే నెలకు రెండు రోజులు బదులు సెలవు ఇవ్వండి."

"కరస్పాండెంట్ గారితో మాట్లాడాలి."

"అలాగే సార్. శుక్రవారం నాలుగో పీరియడ్ నాకు ఖాళీ. అప్పుడు వచ్చి కలవనా?"

ఇక్కడ ఆమె కష్టాలు ఏకరువు పెట్టలేదు, ఎవరితోనూ పోల్చుకోలేదు, కాలేజీ తనకు ఎంత అన్యాయం చేసిందో చెప్పలేదు. "అందరూ చేస్తున్నారు" అన్న మాటకు వాదనలోకి దిగకుండా తన కోరికకే తిరిగి వచ్చింది. వెళ్లే ముందు తేదీ తీసుకుంది. తేదీ లేని హామీని హామీగా లెక్కపెట్టకండి.

ఐటీ ఆఫీసుల్లో మూడు జవాబులు తరచూ వినిపిస్తాయి, వాటికి ముందే సిద్ధంగా ఉండండి. అక్కడ సైకిల్ అంటే అప్రైజల్ (పనితీరు మదింపు) జరిగే ఒక విడత.

"ఈసారి బడ్జెట్ లేదు" అంటే, "డబ్బు ఇప్పుడు కుదరకపోతే హోదా మార్పు ఈ సైకిల్‌లోనే చేయగలరా?" అని రెండో కోరికకు వెళ్లండి.

"వచ్చే సైకిల్‌లో చూద్దాం" అంటే, "అప్పటికి నేను చూపించవలసినవి ఏవో మూడు పాయింట్లు రాసి పంపగలరా?" అని అడగండి. నిజంగా చూసే ఉద్దేశం ఉన్న మేనేజర్ రాస్తారు. లేనివారు దాటవేస్తారు. రెండూ మీకు ఉపయోగపడే సమాచారమే.

"రేటింగ్ నా చేతిలో లేదు" అనే మాట కొంతవరకు నిజం. అప్పుడు, "పైవారి ముందు నా గురించి చెప్పడానికి మీకు ఏ వివరాలు కావాలి?" అని అడిగి, పద్దులోంచి నాలుగు పనులు ఎంచి ఇవ్వండి. మేనేజర్‌ను ఎదుటి పక్షంగా చూసినంతకాలం ఈ దారి తట్టదు.

అదే రోజు సాయంత్రం ఒక చిన్న మెయిల్ పంపండి: "ఈ రోజు సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. మనం అనుకున్న ప్రకారం హోదా మార్పు విషయం ఫిబ్రవరి రెండో వారంలోగా చెబుతానన్నారు. దానికి కావలసిన మూడు అంశాలు ఇవి." ఇంతే. ఫిర్యాదు భాష ఉండకూడదు.

7. గడువు పెట్టుకోండి, ఆ లోపు అడగని పనిని తగ్గించండి

మాట్లాడిన రోజు నుంచి 90 రోజులు మీ గడువు. దీన్ని ఎవరికీ చెప్పనక్కర్లేదు, క్యాలెండర్‌లో రాసుకుంటే చాలు. ఈ మూడు నెలల్లో పద్దు రాయడం మానవద్దు.

పని తగ్గించే తీరులోనే చాలామంది దెబ్బ తింటారు. చెప్పాపెట్టకుండా ఫోన్ తీయడం మానేస్తే అది నిర్లక్ష్యంగా నమోదవుతుంది, అప్రైజల్‌లో అదే బయటికి వస్తుంది. తగ్గించేది ముందుగా చెప్పి తగ్గించాలి. "రాత్రి 8 తర్వాత వచ్చే టికెట్లను మర్నాడు ఉదయం 10కి తీసుకుంటాను, ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే సిస్టమ్) ఆగిపోతే మాత్రం ఫోన్ చేయండి" అన్న ఒక్క వాక్యం చాలు. కొత్త పని వచ్చినప్పుడు కాదనకుండా వరుస అడగండి: "ఇది ఈ రోజే కావాలంటే ఆ రిపోర్టు గురువారానికి జరుగుతుంది, ఏది ముందు చేయమంటారు?" నిర్ణయం వారిది, పర్యవసానం కూడా వారికి తెలుస్తుంది.

తగ్గించే వరుస ఇలా ఉంటే మంచిది. ముందు, ఎవరూ అడగని, ఎవరికీ తెలియని పనులు. వాటిలో నిజంగా అవసరమైనవి ఉంటే ఆపే ముందు మెయిల్‌లో పెట్టి కనిపించేలా చేయండి: "ప్రతి రిలీజ్‌కు ముందు ఈ పరీక్షకు రెండు గంటలు పడుతోంది, కొనసాగించాలంటే ప్రణాళికలో చేర్చండి." తర్వాత, మీ హోదాకు సంబంధం లేని పనులు. చివరగా, ఇతరుల పని.

పని మీద ఇష్టం ఉన్నవారికి ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. కొంత పనిని ఎవరూ అడగకపోయినా చేయకుండా ఉండలేరు, పాఠానికి కొత్త ఉదాహరణ వెతకడమో, కోడ్‌ను మరింత శుభ్రంగా రాయడమో. దాన్ని మానమని నేను చెప్పను. కాని ఆ గంటలను పద్దులో "నా ఇష్టం" అని విడిగా రాయండి, వాటికి సంస్థ బాకీ ఉందని అనుకోకండి. ఈ ఒక్క విభజన జరగనందువల్లే చాలామంది సంస్థతో పాటు పని మీద కూడా విరక్తి పెంచుకుంటున్నారు.

8. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

ఇంకా కష్టపడితే గమనిస్తారని అనుకోవడం. పనిచేసేవాడికే పని పడుతుంది. రాత్రి మెయిళ్లకు జవాబిచ్చే మనిషికే రాత్రి మెయిళ్లు పెరుగుతాయి. సవరణ: గంటలు పెంచకండి, ఇప్పటికే చేసినది కనిపించేలా చేయండి.

చేతిలో లేని ఆఫర్‌తో బెదిరించడం. "సరే, వెళ్లండి" అంటే తిరిగి రావడం కష్టం. సవరణ: ఆఫర్ చేతికి వచ్చాకే ఆ మాట ఎత్తండి. అప్పుడు కూడా, పాత కంపెనీ జీతం పెంచి ఉండమంటే, మీ లోటు డబ్బులోనే ఉందా అని ఐదో అంచెను మరోసారి చూసుకోండి.

తోటివారి దగ్గర మాత్రమే బాధ చెప్పుకోవడం. క్యాంటీన్‌లో మాట్లాడుకుంటే తేలికపడటం నిజమే, కాని రోజూ అదే మాట అయితే కోపం తాజాగా ఉంటుంది తప్ప పని జరగదు. ఆ మాట ఎవరి ద్వారా పైకి వెళుతుందో కూడా చెప్పలేం.

నేరుగా హెచ్‌ఆర్‌కు ఫిర్యాదు చేయడం. జీతం, గుర్తింపు విషయాల్లో హెచ్‌ఆర్ మళ్లీ మేనేజర్‌నే అడుగుతుంది. సవరణ: ముందు మేనేజర్, 30 రోజులు కదలిక లేకపోతే మేనేజర్ పైవారు, ఆ తర్వాత హెచ్‌ఆర్. వేధింపు, కులం పేరుతో అవమానం, లైంగిక వేధింపు అయితే ఈ వరుస వర్తించదు. అవి చట్టపరమైన విషయాలు, ఆలస్యం చేయవద్దు.

ఆశ మీద ఆగిపోవడం. మొదటి అంచెలో రాసుకున్న కారణం "ముందు ముందు దక్కుతుంది" అన్నది అయితే, ఆ మాట మొదటిసారి ఎప్పుడు విన్నారో గుర్తు చేసుకోండి. రెండు అప్రైజళ్లు దాటినా అదే మాట వింటుంటే ఇక మూడోదాని కోసం ఆగనక్కర్లేదు.

మీ కింద నలుగురు పనిచేస్తూ ఉంటే ఇంకొక పొరపాటు జరుగుతుంది: పైనుంచి దక్కని గుర్తింపును కిందివారికి కూడా ఇవ్వకపోవడం. మీ జట్టు పేర్లను మెయిల్‌లో రాయడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

9. గడువు దాటినా ఏమీ మారకపోతే

బయటపడటం కూడా ఒక పద్ధతి ప్రకారం జరగాలి. రాజీనామా చివరి మెట్టు, దాని ముందు చేయవలసినవి ఇవి.

- కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకోండి. ఇందులో ఈఎంఐలు, జూన్‌లో కట్టవలసిన పిల్లల ఫీజులు కలిపి లెక్కించండి.
- కంపెనీ ఇచ్చే గ్రూపు ఆరోగ్య బీమా సాధారణంగా ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. తల్లిదండ్రులు అందులో ఉంటే, ముందే సొంత పాలసీ తీసుకోండి. అప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం ఉండవచ్చు. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థ ఇచ్చే సొంత పాలసీకి మారే వీలుందేమో అడగండి.
- నోటీస్ పీరియడ్ 60 రోజులా, 90 రోజులా? డబ్బు కట్టి తగ్గించుకోవచ్చా? బాండ్ ఏదైనా సంతకం చేశారా? ఆఫర్ లెటర్ మళ్లీ చదవండి.
- ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంటే, రాజీనామా మాట ఎత్తక ముందే బ్యాంకు పనికో, పాస్‌పోర్టుకో నిజంగా అవసరం పడినప్పుడే అడిగి వెనక్కి తీసుకుని ఉంచండి.
- గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి పనిచేసినందుకు వెళ్లేటప్పుడు సంస్థ ఇచ్చే మొత్తం) తేదీ చూడండి. రెగ్యులర్ ఉద్యోగికి సాధారణంగా ఐదేళ్ల నిరంతర సర్వీసు కావాలి. నెల వేతనాన్ని 26తో భాగించి, 15తోను, సర్వీసు సంవత్సరాలతోను గుణిస్తే వచ్చేది గ్రాట్యుటీ. లెక్కించే వేతనం 40,000, సర్వీసు ఆరేళ్లు అయితే సుమారు 1,38,461 రూపాయలు. ఐదేళ్లు నిండక ముందే కోపంతో వెళ్లిపోవడం ఎంత నష్టమో దీన్ని బట్టి తెలుస్తుంది. ఐదేళ్లు దాటాక ఆరు నెలలకు మించిన భాగాన్ని పూర్తి సంవత్సరంగా లెక్కిస్తారు.

రాజీనామా లేఖలో కారణాలు, నిష్ఠూరాలు వద్దు. తేదీ, ఆఖరి పనిదినం, పని అప్పగింతకు సిద్ధమన్న మాట ఉంటే చాలు. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో (వెళ్లిపోయేవారితో సంస్థ జరిపే ముఖాముఖిలో) అడిగితే పద్దులోని అంకెలు చెప్పండి, మనుషుల పేర్లు చెప్పకండి.

ఆఖరి వారంలో రిలీవింగ్ లెటర్, అనుభవ ధ్రువపత్రం, గత మూడు నెలల పేస్లిప్‌లు, జీతంలో కోసిన పన్నుకు ధ్రువపత్రం ఎప్పుడు ఇస్తారన్న మెయిల్ తీసుకోండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, ఉద్యోగం మానిన రెండు పనిదినాల్లోగా బకాయి వేతనం చెల్లించాలి. 45 రోజులు పడుతుందని హెచ్‌ఆర్ చెబితే ఈ నిబంధనను మర్యాదగా గుర్తు చేయండి. పీఎఫ్ డబ్బు వెనక్కి తీసుకోకుండా అదే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరు) మీద కొత్త సంస్థకు బదిలీ చేసుకోండి. పీఎఫ్ పింఛనుకు మొత్తం పదేళ్ల సభ్యత్వం కావాలి, పైగా ఐదేళ్ల నిరంతర సర్వీసు నిండకుండా తీసుకుంటే ఆ మొత్తంపై సాధారణంగా పన్ను పడుతుంది.

కొత్త చోట చేరే ముందు ఇంటర్వ్యూలో మీరు కూడా కొన్ని ప్రశ్నలు అడగండి. ఈ స్థానంలో ఇంతకు ముందున్నవారు ఎందుకు వెళ్లారు? జట్టులో గత రెండేళ్లలో పదోన్నతి ఎవరికైనా వచ్చిందా? శనివారం రిలీజ్ చేస్తే బదులు సెలవు ఇస్తారా? చివరి ప్రశ్నకు "మాది కుటుంబం లాంటి సంస్థ" అన్న జవాబు వస్తే, అది బదులు సెలవుకు జవాబు కాదని గమనించి, అదే ప్రశ్న మరోసారి అడగండి.